దోసెడు నీళ్లు

ధోబీ చాచా ఇచ్చిపోయిన బట్టల మూటను దాదీమా నులకమంచం మీద విప్పేది. అందులో నా స్కూలు అంగీ ఉండేది. గంజి పట్టించి, బొగ్గుల ఇస్త్రీతో రుద్ది, మడతలు నలగకుండా తెచ్చిన తెల్లంగీ. నేను చెయ్యి చాపేలోపే దాదీమా దాన్ని ఎత్తుకుని బావి దగ్గరికి నడిచేది. బకెట్లో ముంచి పిండేది. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు తోడి, మళ్లీ ముంచి పిండేది. మూడోసారీ అంతే. గంజి పోయేది, ఇస్త్రీ పోయేది, నా మొహంలో కళా పోయేది. "మంచిగనే ఉంది కద దాదీమా" అని ఏడుపు గొంతుతో అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు: "సాఫ్ హై బేటా, పాక్ నై."

1970లలో మెదక్ ఖిల్లా కింద వీధుల్లో పెరిగినవాణ్ని. ఆ నలిగిన అంగీతో ప్రార్థన వరసలో నిలబడి డ్రిల్లు సారు చేత తిట్లు తిన్నాను. ఆ తిట్లు మరిచిపోయాను గానీ ఆ రెండు మాటలు మాత్రం యాభై ఏళ్లుగా నన్ను వదల్లేదు. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాడికి మాటల పిచ్చి ఎటూ ఉంటుంది.

సాఫ్ అంటే కంటికి శుభ్రం. పాక్ అంటే నమాజుకు నిలబడటానికి పనికొచ్చే శుద్ధి. రెండూ ఒకటి కాదని మా ఇళ్లలో పిల్లలకు మాటలతో పాటే తెలుస్తుంది. నాటు వేసి వచ్చిన రైతు లుంగీకి మోకాళ్ల దాకా బురద ఉంటుంది. అది సాఫ్ కాదు, కానీ పాక్. బురద అంటే మట్టీ నీళ్లే, రెండూ పాకే. ఆ లుంగీతోనే గట్టు మీద నమాజు చదువుకోవచ్చు. అదే తెల్లటి పైజామాను ఒళ్లో కూచున్న పసివాడు తడిపి, అది ఆరిపోయిందనుకోండి. కంటికి ఏమీ కనపడదు. సాఫే, పాక్ కాదు. ఈ తహారత్ (శుద్ధి) లెక్కలు ఫిఖా (ఇస్లామీ ధర్మశాస్త్రం) పుస్తకాల్లో మొదటి అధ్యాయంగా ఉంటాయి. నమాజు, రోజా, జకాత్, హజ్ అన్నీ ఆ తర్వాతే. విశ్వాసంలో సగం వాటా తహారత్‌దేనని ప్రవక్త చెప్పిన హదీసు ‘ముస్లిం’ అనే హదీసు సంకలనంలో ఉంది. దాన్ని వజూఖానాల (నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కునే చోట్ల) గోడల మీద రాయించని ఊరు ఉండదేమో.

ఆ అధ్యాయం తెరిస్తే నాపాక్ వస్తువుల జాబితా ఆశ్చర్యపడేంత చిన్నది. మలమూత్రాలు, పారిన రక్తం, మద్యం, పంది, అటువంటివి ఇంకొన్ని. అందులో లేనిదంతా పాకే, కాదని తేలేదాకా. తేలడమంటే తెలియడం. అనుమానం లెక్కలోకి రాదు. దాదీమాకు మూడుసార్ల లెక్క సరిగ్గానే తెలుసు. కంటికి కనపడని నజాసత్ (అశుద్ధం) గుడ్డకు అంటితే మూడుసార్లు ముంచి మూడుసార్లు పిండమని మా హనఫీ సంప్రదాయం పుస్తకాల్లో ఉంది. ఆమెకు అక్షరం రాదు, వాజుల్లో (మత ప్రసంగాల్లో) విని పట్టుకున్నది. (ఆ లెక్క ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. మా వాషింగ్ మెషీను రెండుసార్లే జాడించి ఊరుకుంటుంది. మా ఆవిడ మూడోసారికి మళ్లీ మీట నొక్కుతుంది. మెషీను చేసినవాడికి హనఫీ మజహబ్ ఎక్కడ తెలుస్తుంది!)

మరి నా అంగీకి నజాసత్ ఎక్కడ అంటింది? అడిగాను ఒకసారి. "చెర్వు కాడ ఎవలెవలి బట్టలల్ల కలిపి ఉతికిండో" అంది దాదీమా. అంటే అనుమానం అంగీ మీద కాదు.

ధోబీ చాచా కూడా నమాజీ. జుమ్మా రోజు అబ్బా పక్కనే, అదే సఫ్‌లో (వరసలో), భుజానికి భుజం ఆనించి నిలబడేవాడు. ఒకనాడు ఆయన డబ్బుల కోసం గుమ్మంలో నిలబడి ఉండగానే దాదీమా మూట విప్పి, అంగీ తీసుకుని బావి దగ్గరికి నడిచింది. ఆయన చూశాడు. మూటగుడ్డను నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని, డబ్బుల మాటెత్తకుండా వెళ్లిపోయాడు. 2007లో బీసీ-ఈ కింద ముస్లింలలో వెనకబడిన వర్గాల జాబితా వచ్చినప్పుడు, అందులో ధోబీ ముస్లింలు, తురక చాకళ్లు అన్న పేర్లు చదివి నాకు ఆ మూటగుడ్డే గుర్తొచ్చింది. మా దీన్‌లో కులం లేదని మింబరు మీంచి చెప్పే మాట నిజం. ఆ జాబితా కూడా నిజం. దాదీమా నన్ను గుండెల మీద పెట్టుకుని పెంచింది, ఆమెను ఒక మాట అనాలంటే నోరు రాదు. అయినా ఆమె బావి దగ్గర చేసినదానికి ఫిఖాలో చోటు లేదు. అది కులం.

వీధికి ఆ కొసన మా తెలుగు సారు ఇల్లు. నోటు పుస్తకాలు ఇచ్చి రమ్మంటే పోయేవాణ్ని. సారు వాళ్లమ్మ మడి కట్టుకుని ఉంటే "ఆగు నాయనా, అక్కడే పెట్టు" అనేది. మంచి మనిషి. బెల్లం ముక్క తెచ్చి, నా అరచేతికి జానెడు ఎత్తు నుంచి వదిలేది. వదిలిన ముక్క ఎప్పుడూ గురి తప్పలేదు. ఇంటికొచ్చి చెబితే దాదీమా ముక్కున వేలేసుకుంది: "మనిషి తాకితే మనిషి చెడుతడా!" అంగీని మూడుసార్లు పిండిన చేతి వేలే అది.

పెద్దయ్యాక పుస్తకాలు చదివితే దాదీమా అన్న మాటే సరైనదని తేలింది. చేసిన పని కాదు. మన తెలుగు ఇళ్లలో ఎంగిలి ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా? ఫిఖాలో మనిషి ఎంగిలి పాక్. ముస్లిమైనా, కాకున్నా, ఆడైనా, మగైనా, గుసుల్ (శుద్ధి స్నానం) బాకీ ఉన్నవాడైనా సరే. తాగి మిగిల్చిన నీళ్లతో ఇంకొకరు వజూ చేసుకోవచ్చు. ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా బహిష్టులో ఉండి తాగిన గిన్నెనే అందుకుని, ఆమె పెదవి ఆనిన చోటే తన పెదవి ఆనించి ప్రవక్త తాగేవారని ఆమె స్వయంగా చెప్పిన హదీసు ఉంది. మైల అన్న మాటను మన భాషలో ఎలా వాడతామో తెలిసినవారికి ఈ ఒక్క గిన్నె చాలు. ఖుర్ఆన్‌లో ముష్రికులను (బహుదేవారాధకులను) నజస్ (అశుద్ధం) అన్న ఆయత్ ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, తొమ్మిదో సూరాలో ఉంది. అది విశ్వాసం గురించిన మాటే గాని ఒంటి గురించిన మాట కాదని సున్నీ ఫకీహులలో (ఫిఖా పండితులలో) అత్యధికులు తేల్చారు. గీత వస్తువుల చుట్టూ, స్థితుల చుట్టూ గీశారు. మనిషి చుట్టూ గీయలేదు.

మనిషి చుట్టూ గీసుకున్నది మనమే. అందుకు సాక్ష్యం మన భాషే. ఉర్దూలో పాకీ అంటే పరిశుద్ధత. తెలుగులో పాకీ పని అంటే ఏమిటో నేను విడమరచనక్కర లేదు. ఉర్దూలో సఫాయీ అంటే శుభ్రత. తెలుగులో సఫాయి అనగానే చేతిలో చీపురు కట్టతో ఒక మనిషి కళ్ల ముందుకొస్తాడు. దాదీమా చెప్పిన రెండు మాటలూ మన దగ్గర ఒకే రకం మనుషుల పేర్లయి కూచున్నాయి. శుద్ధి చేసేవాడికి శుద్ధి అని పేరు పెట్టి, ఆ పేరు వినగానే పక్కకు తప్పుకునే విద్య మనకే చేతనయింది. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు 1993లో ఒకసారి, చాలక 2013లో ఇంకోసారి చట్టం చేయాల్సి వచ్చింది. పాకీ అన్న మాట ఈనాటికీ షెడ్యూల్డు కులాల జాబితాలో ఉంది.

నీళ్ల దగ్గరికి వస్తాను.

ఎండాకాలం మా బావి అడుగంటేది. అప్పుడు దాదీమా, అమ్మీ, నేను బిందెలు పట్టుకుని చర్చి వైపు నడిచేవాళ్లం. మెదక్ చర్చి గురించి కొత్తగా ఏం చెప్పాలి? కరువు రోజుల్లో పనికి తిండి పెడుతూ పోస్నెట్ దొర పదేళ్లు కట్టించి, 1924 క్రిస్మస్ నాడు తెరిచిన చర్చి. 175 అడుగుల శిఖరం మా మిద్దె మీంచి కనిపించేది. ఆ దారిలో మిషన్ దవాఖానలో పనిచేసి దిగిపోయిన ఒక నర్సమ్మ ఇల్లు ఉండేది, ఆ ఇంటి పెరట్లో ఎండని బావి. "తోడుకపోండ్రి పెద్దమ్మా, నీళ్లకేం కరువు" అని ఆమె తన చేదను మా చేతికిచ్చేది. ఆ నీళ్లతోనే మా ఇంట్లో వంట, తాగుడు, ఐదు పూటలా వజూ. ధోబీ చాచా ఉతికిన అంగీని మూడుసార్లు పిండే దాదీమా, నర్సమ్మ బావి నీళ్లను ఒక్క మాటా అనేది కాదు. దాహానికి ఫిఖా బాగా తెలుసు.

ఒక దూరపు చుట్టం మాత్రం పేచీ పెట్టాడు. క్రైస్తవుల బావి నీళ్లతో వజూ ఏమిటన్నాడు. అబ్బా నసిగాడు. దాదీమా బిందె దించకుండానే "అయితే నువ్వు తెచ్చియ్యి" అంది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చాలా ఏళ్ల తర్వాత ఇమాం గజాలీ రాసిన ఇహ్యా అనే గ్రంథం ఉర్దూ అనువాదంలో తహారత్ అధ్యాయం చదువుతుంటే ఒక చోట నా వేలు ఆగిపోయింది. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ ఒక క్రైస్తవ స్త్రీ కుండలోని నీళ్లతో వజూ చేశారట. బుఖారీ హదీసు సంకలనంలోనూ ఆ ప్రస్తావన ఉంది. పుస్తకం మూసి, పోయిన దాదీమాకు మనసులోనే సలాం చేశాను.

గజాలీ ఆ ఉదాహరణ ఎందుకు తెచ్చాడో చూడండి. 1111లో చనిపోయిన మనిషి ఆయన. ఒంటి శుద్ధిలోనే మునిగితేలుతూ, గుండెలో గర్వాన్నీ అసూయనూ పెంచుకునే పెద్దమనుషులు ఆయన కాలంలోనూ ఉన్నారు. తొలి తరంవాళ్లు నీళ్ల విషయంలో అంత ఉదారంగా ఉండి గుండెను తోముకోవడంలో పట్టుదలగా ఉండేవారనీ, మీరు తిరగేశారనీ ఆయన చీవాట్లు పెట్టాడు. శుద్ధికి నాలుగు మెట్లు చెప్పాడు. ఒంటిని మలినాల నుంచి, అవయవాలను తప్పుడు పనుల నుంచి, గుండెను చెడు గుణాల నుంచి శుద్ధి చేసుకోవడం మొదటి మూడు. నాలుగోది లోలోపలి మనసును దేవుడు తప్ప ఇంకేదీ లేకుండా ఖాళీ చేసుకోవడం. నాలుగోది ప్రవక్తలకూ సిద్దీఖులకూ. నా బోటివాడు మొదటి మెట్టు మీద నల్లా విప్పుకుని కూచున్నాడు.

ఇంకొక చిత్రం. నమాజులో గట్టిగా నవ్వితే నమాజే కాదు, వజూ కూడా పోతుందని హనఫీలు అంటారు. నాకు పదహారేళ్లప్పుడు ఒక తరావీ రాత్రి, ముందు సఫ్‌లో మనిషి సజ్దాకు వంగగానే టోపీ జారి బొంగరంలాగా గుండ్రంగా తిరిగి తిరిగి పడింది. నేనూ నా స్నేహితుడూ పగలబడి నవ్వి, అందరి చూపుల మధ్య లేచిపోయి మళ్లీ వజూ చేసుకున్నాం. నవ్వితేనే పోయే వజూ చాడీ చెబితే పోదా అని అప్పుడే అనుమానం వచ్చింది. పోదు. కానీ అబద్ధమాడాక, చాడీ చెప్పాక మళ్లీ వజూ చేసుకోవడం మంచిదని ఆ పుస్తకాల్లోనే ఉంది. తప్పనిసరి చేయకపోవడం కరుణే. చాడీకొక వజూ అంటే మెదక్‌కు మంజీరా చాలదు.

అబ్బాకు పక్షవాతం వచ్చి చివరి రెండేళ్లు మంచంలో ఉన్నాడు. చలికాలం నీళ్లు తగిలితే ఒళ్లు కొంకర్లు పోయేది. నేను చెరువు గట్టున మట్టి తవ్వి తెచ్చి, రాళ్లు ఏరి, ఇటుకంత ముద్ద చేసి ఎండబెట్టి తలాపున పెట్టాను. ఆయన పనిచేసే చేత్తో దాన్ని ఒకసారి చరిచి మొహం తడుముకునేవాడు. ఇంకోసారి చరిస్తే నేను ఆయన చేతులు మోచేతుల దాకా నిమిరేవాణ్ని. అదే తయమ్ముమ్. అంతటితో ఆయన పాక్. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా హారం పోయి, దాన్ని వెతుకుతూ దండంతా నీళ్లు లేని చోట ఆగిపోయినప్పుడు ఈ సడలింపు దిగిందని చెబుతారు.

ఆ మట్టిపెళ్ల వల్లే నాకు ఒక రకం కరపత్రాల మీద విసుగు పుట్టింది. వజూ వల్ల క్రిములు చస్తాయి, ముక్కులో నీళ్లు ఎక్కిస్తే ఫలానా రోగం రాదు, సైన్సు ఇప్పుడు ఒప్పుకుంటోంది అని రాసే కరపత్రాలు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫోన్ల నిండా అవే. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చేతులు కడుక్కోమని మొత్తుకుంటే తోటి డాక్టర్లు వినలేదనీ, మాకు పన్నెండు వందల ఏళ్ల ముందే తెలుసనీ గొప్పలు. చేతులు కడుక్కోవడం మంచిదే, ఎవరు కాదన్నారు? నిద్ర లేచాక చెయ్యి కడగనిదే నీళ్ల పాత్రలో ముంచవద్దన్న హదీసు ఆరోగ్యానికీ మంచిదే. కానీ శుద్ధి అంటే క్రిములను చంపడమే అయితే మా అబ్బా మొహానికి మట్టి పూసుకోవడం ఏమవుతుంది? ఆ మట్టి చెబుతున్నది ఇంకేదో. నీళ్లుంటే నీళ్లతో, లేకుంటే నేలతో, నిలబడటానికి సిద్ధపడు అంటోంది. డాక్టరు సర్టిఫికెట్ దానికి అక్కరలేదు.

అబ్బా పోయిన రోజు రేగాకులు వేసి నీళ్లు కాచాం. ఒంటి మీద దుప్పటి తొలగకుండా, దాని కిందనే, కుడివైపు నుంచి మొదలుపెట్టి, బేసి లెక్కన నీళ్లు పోశాం. ఆఖరి నీళ్లలో కర్పూరం. గుసుల్ చేయించే పెద్దాయన మా అన్నదమ్ములకు ఒకటే మాట చెబుతూ వచ్చాడు: "మెల్లగ, మెల్లగ, నొప్పి పుడుతది." మా చేతిలోని బద్నా, అంటే మూతి చెంబు, అబ్బా వజూ చేసిందే. దాని సన్నటి మూతిలోంచి నీళ్లు ఎంత వంచినా ధారే గాని దబదబా పడవు.

ఆ చెంబు అటక మీద చేరాక మా ఇంటికి నల్లా వచ్చింది. మిషన్ భగీరథ నీళ్లు. 2016 ఆగస్టు 7న ఆ పథకాన్ని ప్రధాని ప్రారంభించింది అప్పటి మా మెదక్ జిల్లాలోని గజ్వేల్ దగ్గర కోమటిబండలోనే. గుమ్మంలోకి నీళ్లు రావడం ఎంత సుఖమో బిందెలు మోసినవాళ్లకే తెలుస్తుంది. కానీ నిరుడు ఎండాకాలం ఒకనాడు బుద్ధి పుట్టి, నల్లా కింద బకెట్ పెట్టి అందులో పడేట్టు ఎప్పటిలాగే వజూ చేశాను. తర్వాత లీటరు సీసాతో కొలిచాను. ఆరున్నర సీసాలు. ఐదు పూటలకు ముప్పై రెండున్నర లీటర్లు, నా ఒక్కడికే.

ప్రవక్త ఒక ముద్ నీళ్లతో వజూ, ఒక సా నీళ్లతో గుసుల్ ముగించేవారని బుఖారీలో ఉంది. నాలుగు ముద్‌లు ఒక సా. ముద్ అంటే మధ్యరకం మనిషి రెండు చేతులూ చేర్చి పడితే నిండేంత. మన తెలుగులో దానికి చక్కటి మాట ఉంది, దోసెడు. లీటర్లలో చెబితే ముప్పావుకు కాస్త అటూ ఇటూ. ఒక్కో అవయవం మూడుసార్ల కన్నా ఎక్కువ కడగడం తప్పే. పారే ఏటి ఒడ్డున కూచున్నా సరే, వజూలో నీళ్లు వృథా చేయరాదని సాద్ అనే సహచరుడికి చెప్పినట్టు ఇబ్నె మాజా హదీసు సంకలనంలో ఒక కథనం ఉంది. ఏరు తరగదని తెలిసి కూడా చెప్పిన మాట అది. నేను విన్నది వేలసార్లు. కొలిచింది ఒక్కసారి.

మా ఏరు ఏమో తరుగుతుంది. మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక దాటి వచ్చే మంజీరా సింగూరు జలాశయంలో ఆగుతుంది. హైదరాబాద్ దశాబ్దాలుగా ఆ నీళ్లు తాగింది. కింద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట రైతులు సింగూరు గేట్ల వైపు చూస్తూ నాట్లు వేస్తారు. ఏడుపాయలలో ఏడు పాయలూ రాళ్లే తేలిన వేసవులు చూశాను. ఈ సీమ పాత పేరు మెతుకు సీమ. దస్తర్‌ఖాన్ మీద మెతుకు జారితే దుమ్ము దులిపి నోట్లో వేసుకోమని మా ఇంట్లో నేర్పారు. కింద పడ్డ ముద్దను వదిలేయవద్దన్న హదీసు ఉంది. మెతుకుకున్న మర్యాద నీటి చుక్కకు మేమివ్వలేదు. పాత మసీదుల్లో వజూకు హౌజు, అంటే నీళ్ల కొలను, ఉండేది. హైదరాబాద్ మక్కా మసీదు హౌజు చూసినవారికి తెలుసు. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉంటే అది పెద్ద నీళ్ల కింద లెక్క, రంగు, రుచి, వాసన మారేదాకా పాకే. దాని గట్టున కూచుని దోసిలితో తీసుకుంటే చేతికి కొలత తెలిసేది. ఇప్పుడు వరసగా నల్లాలు. మాట్లాడుకుంటూ మోచేతులు తోముకుంటాం, నల్లా తన మానాన తాను పోతూ ఉంటుంది.

ఆ పోయిన నీళ్లు ఎక్కడికి పోతాయి? మసీదు గోడ బయట మోరీలోకి. మలుపు దగ్గర మోరీ నిండి రోడ్డు మీద నిలుస్తాయి. ఫజర్ నమాజు ముగించుకుని బయటికొచ్చేసరికి ఆ మలుపు దగ్గర మున్సిపాలిటీ అమ్మ ఒకామె ఆ నీళ్లను చీపురుతో మోరీలోకి తోస్తూ ఉంటుంది. మొన్న చలికాలం మాలో ఒకాయన పైజామా పైకి పట్టుకుని "జర ఆగమ్మా, బట్టలు నాపాక్ అయితయి" అన్నాడు. ఆమె చీపురు ఎత్తి పట్టుకుని ఆగింది. మేమందరం ఒకరి వెనక ఒకరం దాటిపోయాం. నేనూ దాటిపోయాను.

ఇంటికొచ్చాక మనసు మెలిపెట్టింది. వీధి బురద చిందితే మాఫీ అని ఫకీహులు ఎప్పుడో రాసి పెట్టారు. పైగా అవి మా వజూ నీళ్లు. వజూలో వాడిన నీళ్లు ఇంకో వజూకు పనికిరావు గాని, వాటంతట అవి పాకే. ఆమె తోస్తున్న నీళ్లు మావి, ఆమె శుభ్రం చేస్తున్న దారి మాది, అడ్డమని ఆపింది ఆమెనే. దారిలోంచి అడ్డు తొలగించడం ఈమాన్ (విశ్వాసం) శాఖల్లో ఒకటని మాకు తెలుసు. నీళ్ల రేవులో, నడిచే దారిలో, మనుషులు సేదదీరే నీడలో గలీజు చేసేవాడికి శాపం తగులుతుందని కూడా తెలుసు. తెలిసినవన్నీ మసీదు గడప లోపలే వదిలేసి చెప్పులు తొడుక్కుంటాం.

మదీనాలో ప్రవక్త మసీదును ఊడ్చే నల్లజాతి స్త్రీ ఒకామె ఉండేది. ఆమె చనిపోతే సహచరులు అదేం పెద్ద విషయమని ప్రవక్తకు చెప్పకుండానే పూడ్చిపెట్టారు. కొన్నాళ్లకు ఆమె కనపడటం లేదేమని ఆయన అడిగారు. చనిపోయిందంటే, నాకెందుకు చెప్పలేదని నిలదీసి, సమాధి ఎక్కడో చూపించమని, అక్కడికి నడిచి వెళ్లి ఆమె కోసం నమాజు చదివారు. ఈ కథ బుఖారీలో ఉంది, ముస్లింలో ఉంది. ఇన్నేళ్లలో వాజుల్లో నేను విన్నది చాలా తక్కువ. గోడల మీద రాయగా ఎక్కడా చూడలేదు.

వజూ నీళ్లకు మసీదు ఆవరణలోనే ఇంకుడు గుంత తవ్విద్దామని మా పెద్దల ముందు పెట్టాను. పాక్ నీళ్లే కదా, నేలకూ వేపచెట్టుకూ ఇద్దాం అన్నాను. కాదన్నవారు లేరు. రంజాన్ తర్వాత చూద్దామన్నారు. రంజాన్ వచ్చింది, పోయింది. ఈసారి ఖర్చు అంచనా కాగితం రాయించి పట్టుకుపోతాను. మీ మసీదు మలుపు దగ్గర నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో మీరూ ఒకసారి చూసి రండి.

అటక మీంచి అబ్బా మూతి చెంబు దింపించాను. చింతపండు పెట్టి తోమితే మెరిసింది. నిన్న అసర్ నమాజుకు దానితో వజూ చేసి, కింద పళ్లెంలో పడ్డ నీళ్లు కొలిచాను. లీటరుంపావు. దోసెడు దాకా ఇంకా అర లీటరు తగ్గాలి.